పట్టేసిన క్యాంబర్ బోల్టు గారికి

మహారాజశ్రీ కుడి ముందు చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే లోయర్ ఆర్మ్ వెనక కొసన ఉండి చక్రం వాలు సరిచేసే క్యాంబర్ బోల్టు గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేం క్షేమంగా లేము. తమరు మాత్రం పరమ క్షేమంగా ఉన్నారని నిన్న మధ్యాహ్నం పికప్ కింద మూడున్నర గంటలు వెల్లకిలా పడుకుని కళ్లారా చూశాం. నట్టు ఊడొచ్చింది. నట్టు వైపు బిళ్లా ఊడొచ్చింది. కంట్లో అరచెంచాడు తుప్పు పడింది. తమరు మాత్రం అక్కడే.

సంగతి తమకు తెలియంది కాదు. బండి అమ్మకానికి పెట్టాం. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్టు తీసేసి పాత ఎత్తుకి దించాం. మార్పులు చేసిన బండిని అడిగేవాళ్లు తక్కువ, కిట్టు విడిగా అమ్ముకుంటే నాలుగు రాళ్లు ఎక్కువ. దించాక అలైన్‌మెంట్, అంటే చక్రాల వాలులు కొలిచి సరిచేయడం, తప్పదు కదా. నలుగురు అన్నదమ్ముల్లో ముగ్గురు చెప్పినట్టు తిరిగారు. తమరు తిరగలేదు. అలైన్‌మెంట్ షాపువాళ్లు చక్రాల ముక్కులు ఎటున్నాయో చూసే టో ఒక్కటి సరిచేసి, చక్రం స్టీరింగ్‌తో తిరిగే ఇరుసు వాలు చెప్పే క్యాస్టర్ గడి ఎర్రగా ఉన్న కాగితం చేతిలో పెట్టి, "ఇంతకంటే అవ్వదండీ" అన్నారు. మర్నాడు బేరానికి వచ్చినాయన నాలుగు చక్రాలూ లాగే ఫోర్ లో గేరు వేసి చూశాడు, ఛాసిస్‌ని సుత్తితో తట్టి చూశాడు, నీళ్లు కలిసి డిఫరెన్షియల్ ఆయిల్ పాలరంగుకి తిరిగిందేమో అని వేలు ముంచి మరీ చూశాడు. అన్నిటికీ తలూపాడు. చివర్లో తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. బండి మెల్లగా ఎడమకి నడిచింది. ఆయన చెప్పిన ధర అంతకంటే వేగంగా కిందికి నడిచింది.

"యాక్సిడెంట్ బండా?" అన్నాడు. కాదండీ, ఒక బోల్టు అలిగింది అంటే ఎవరు నమ్ముతారు?

తమరి ఉద్యోగధర్మం ఒకసారి మనవి చేసుకుంటాం. ఒక్కో ముందు చక్రానికి ఇద్దరు చొప్పున తమరు నలుగురు. తల దగ్గరుండే గుండ్రటి బిళ్లకి కన్నం నడిమధ్యన కాకుండా కాస్త పక్కకి ఉంటుంది. అందుకే తమరు తిరిగితే లోయర్ ఆర్మ్ కొన్ని మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరుగుతుంది. ముందాయన్నీ వెనకాయన్నీ ఒకే వైపు జరిపితే చక్రం తల లోపలికో బయటికో ఒరిగే క్యాంబర్ మారుతుంది, చెరో వైపు జరిపితే క్యాస్టర్. అంతే పని. తమర్ని ఎవరూ ఊడిపొమ్మనలేదు. తిరగమన్నాం. అదీ గడియారంలో చిన్నముల్లు మూడు నుంచి ఐదుకి వెళ్లినంత.

క్యాస్టర్ రెండు వైపులా సమానంగా లేకపోతే, తక్కువున్న వైపుకి బండి లాగుతుంది. లిఫ్ట్ వేసిన రోజున, ఎత్తు పెరగడం వల్ల పోయిన క్యాస్టర్‌ని రాబట్టడానికి తమర్ని చివరిదాకా తిప్పి బిగించారు. ఎడమవైపు వాళ్లు మొన్న మామూలు చోటికి వచ్చేశారు. బండి కిందికి దిగినా తమరు మాత్రం ఇంకా రెండంగుళాల ఎత్తులోనే ఉన్నారు.

ఎలా పట్టేశారో కూడా తెలుసు. బుష్షంటే రబ్బరు, దాని మధ్యలో ఇనప గొట్టం, ఆ గొట్టంలో తమరు. తమకీ గొట్టానికీ మధ్య ఖాళీ కాగితం మందం. వాగు దాటిన ప్రతిసారీ అందులోకి నీళ్లూ బురదా దిగాయి, ఆరే దారి లేదు. ఇనుము తుప్పయితే ముందుకంటే ఎక్కువ చోటు అడుగుతుంది. అక్కడ చోటెక్కడిది? అందుకని రెండు వైపులా నొక్కుకుంటూ కూర్చుంది. ఇక ఉడుంపట్టే. వేలెడు గ్రీజు పూసుంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. ఫ్యాక్టరీ నుంచి పొడిగా వచ్చారు, లిఫ్ట్ వేసిన రోజున తిప్పారే గానీ బయటికి తీసి పూసిన పాపాన ఎవరూ పోలేదు. మేమూ పోలేదు, అది వేరే సంగతి.

మూడు రోజులు తమకి అభిషేకం చేశాం, పూటకోసారి తుప్పు వదిలించే నూనెతో. మూలవిరాట్టు కదల్లేదు. తర్వాత సుత్తితో అక్షింతలు. నట్టుని బోల్టు కొసకి సమానంగా నిలిపి కొట్టాలి, లేకపోతే మరలు నలిగి కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఆ పైన నట్టు కూడా రాదు. ఇక హారతి. వేడి చేస్తే పట్టు వదులుతుందని అందరూ చెబుతారు. ఆ గొట్టం చుట్టూ ఉన్నది రబ్బరని, ఆ రబ్బరు మూడు రోజుల నూనెలో నానిందని, జానెడు దూరంలో బ్రేకు హోస్ ఉందని ఒక్కరూ చెప్పరు. టార్చి వెలిగించి, మళ్లీ ఆర్పేశాం.

అసలు ఒళ్లు మండింది వేరే దానికి. పానాకి నాలుగడుగుల పైపు తొడిగి ఊగితే తమరు తిరిగారు. నిజంగా తిరిగారు! పావు చుట్టు. మాకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి తీయగానే మెల్లగా, ఏ తొందరా లేకుండా, వెనక్కి తిరిగొచ్చి మొదటి చోటే కూర్చున్నారు. తిరిగింది తమరు కాదు, తమర్ని పట్టుకున్న గొట్టంతో సహా రబ్బరు మెలితిరిగింది. మళ్లీ పైపు. మళ్లీ పావు చుట్టు. మళ్లీ మొదటికే. పదకొండు సార్లు.

నువ్వసలు బోల్టువేనా? బిగించడమూ, విప్పడమూ, ఈ రెండు పనులకే కదా బోల్టు! నీకు మొదటి సగమే వచ్చు. పోనీ రానని మొదటే మొండికేస్తే ఒక దణ్ణం పెట్టి ఊరుకునేవాళ్లం. వస్తున్నట్టు నటించావు చూడు, దానికి క్షమాపణ లేదు.

నీ మీది కోపంలో లిఫ్ట్ కిట్టునీ వదలబుద్ధి కావట్లేదు. పెట్టె మీద "కోత లేదు, వెల్డింగ్ లేదు, అంతా బోల్ట్ ఆన్" అని రాసుంది. బోల్టు వేయడం గురించి రాశారు, తీయడం గురించి ఒక్క ముక్క లేదు. షాకూ స్ప్రింగూ కలిసిన స్ట్రట్ మీద అంగుళం బిళ్ల పెడితే చక్రం దగ్గర ఇంచుమించు రెండంగుళాలు లేస్తుంది, ఒప్పుకున్నాం. యాక్సిల్ కీలు ఎక్కువ వంగి, దాని రబ్బరు బూటు చిరిగి, గ్రీజంతా రిమ్ము లోపలి గోడకి చిమ్ముతుందని కూడా రాసుంటే బాగుండేది. టైర్ల సంగతా? 265/70 ఆర్17 సైజు తీసి అంతకంటే పెద్ద 285/70 వేస్తే, మీటరు 100 చూపించేటప్పటికి బండి 103న్నరలో ఉంటుంది. తిరిగిన కిలోమీటర్లూ ఆ లెక్కనే తక్కువ పడతాయి. అమ్మేవాడికి లాభించే అబద్ధం కాబట్టి దాని మీద ఫిర్యాదు లేదు. స్నార్కెల్ ఇంజనుకి గాలి పైనుంచి తెచ్చింది సరే, కింద నీ దాకా వచ్చిన నీళ్లని ఆపిందా? టాపు మీది లైట్ బార్ వెలిగినన్నాళ్లూ వెలిగి, మిగతా కాలమంతా ఈల వేసింది.

1979లో టొయోటా హైలక్స్ పికప్‌కి మొదటిసారి ఫోర్ వీల్ డ్రైవ్ వచ్చినప్పుడు ముందు చక్రాలు రెంటినీ కలిపే ఒకే సాలిడ్ యాక్సిల్, లీఫ్ స్ప్రింగులు. క్యాంబర్ ఆ యాక్సిల్‌తోనే పుట్టేది, తిప్పి మార్చేదేమీ లేదు. అప్పట్లో నీకు ఉద్యోగమే లేదు! నడుములు పోయేవి గానీ మధ్యాహ్నాలు పోయేవి కావు.

సరే, ఇక మర్యాదల్లేవు. రేపు పొద్దున కోతే. ఛాసిస్ కింద స్టాండు, ఆర్మ్ కింద జాకీ. బుష్షుకీ బ్రాకెట్టు చెవికీ మధ్య సన్నటి సందుంటుంది, కరెంటు రంపానికి కార్బైడ్ పళ్ల బ్లేడు వేసి అక్కడొక కోత, అవతలి వైపు ఇంకో కోత. మామూలు బ్లేడయితే నీ ఉక్కు మీద దాని పళ్లే అరుగుతాయి. చుక్క చుక్క నూనె వేస్తూ నెమ్మదిగా కోయాలి, తొందరపడితే బ్లేడు కాలి మొద్దుబారుతుంది. బ్రాకెట్టు వైపు మాత్రం ఒరగకూడదు, అది ఛాసిస్‌లో భాగం. నీతో పాటు బుష్షూ పోతుంది. కొత్తది ప్రెస్సులో ఎక్కించాలి, ప్రెస్సు లేకపోతే ఆర్మ్ మొత్తం మార్చడమే తిప్పలు తక్కువ.

నీ చోటుకి వచ్చే కొత్తవాడికి ఒళ్లంతా గ్రీజు, గొట్టం లోపల కూడా. మరలకి మాత్రం వద్దు. పొడి మరలకని రాసిన టార్కుతో, అంటే బిగింపు బలంతో, జిడ్డు మరల్ని బిగిస్తే బోల్టు అవసరానికి మించి సాగుతుంది. ఇంకోటి, చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించకూడదు. బండిని నేలకి దించి, నాలుగుసార్లు ఊపి, బరువంతా పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు ఎప్పటికీ మెలితిరిగే ఉండి, తొందరగా చిరుగుతుంది. ఆ తర్వాత మళ్లీ అలైన్‌మెంట్, మళ్లీ అదే కాగితం, ఈసారి అన్ని గళ్లూ పచ్చగా.

ఒక్క మాట ఒప్పుకోక తప్పదు. బండల మీంచి చక్రం ధబీమని దిగినప్పుడు క్యాంబర్ బోల్టులు జారి అలైన్‌మెంట్ పోవడం ఇలాంటి బళ్లన్నిటికీ ఉన్న గోలే. ఎడమవైపు రెండుసార్లు పోయింది. నీ వైపు ఒక్కసారీ పోలేదు. తుప్పు పట్టినందుకో, పౌరుషం కొద్దీనో, పెట్టిన చోట ఉన్నావు.

బండి ఆయన తీసుకెళ్లిపోతాడు. బురదలోంచి లాగే వించీ ఆయనదే, సీటుకి అంటిన బురద మరకా ఆయనదే. నువ్వు మాత్రం రెండు కోతల మధ్య ముక్కగా, గొట్టంతో కలిసి, ఇక్కడే పానాల డబ్బాలో పడుంటావు.

ఇట్లు,
బండి కింద వెల్లకిలా ఉన్న
తమ విధేయులు

తా.క.: మిగతా ముగ్గుర్నీ ఒక్కొక్కర్నే బయటికి తీసి గ్రీజు పూశాం. ముగ్గురూ నీ గురించే అడిగారు.