ఆ ఏడు అక్షరాలు పిల్లల్నే వెతకనివ్వండి

మొన్నటి మన సంఘం వార్షికోత్సవంలో పిల్లల మాటల పోటీ చూసినవాళ్లకి ఆ చివరి రౌండు గుర్తుండే ఉంటుంది. తెర మీద ఏడు ఇంగ్లీషు అక్షరాలు వేశారు: ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టీ (A, E, I, N, R, S, T). ఏడూ వాడి ఏడక్షరాల మాటలు రాయాలి. మొదట ఆరు మాటలు రాసి చెయ్యెత్తిన టేబులుదే గెలుపు. బెల్లు కొట్టి ఎంతోసేపు కాకముందే వెనక టేబులు నుంచి చెయ్యి లేచింది. అక్షరాలు కొడితే మాటలు చూపించే యాప్ ఒకటి ఫోన్లో తెరిచి, అందులో ఉన్నవి ఉన్నట్టు దించేశారు. ఫోను పట్టుకున్నది పిల్లలు కాదు, వాళ్ల వెనక నిలబడ్డ పెద్దవాళ్లు. కల్చరల్ కమిటీ వాళ్లని అడిగితే "ఫోన్ వాడకూడదని రూలేమీ పెట్టలేదండీ" అన్నారు. కప్పు ఆ టేబులుకే వెళ్లింది.

మా టేబులు దగ్గర అప్పుడేం జరుగుతోందో చెప్పాలి. మా అమ్మాయికి పదేళ్లు. అక్షరాల్ని వరసగా కాకుండా గుండ్రంగా రాసుకుంది. వరసగా రాస్తే కన్ను ఆ వరసకే అలవాటు పడిపోతుంది, గుండ్రంగా ఉంటే ఎక్కణ్నుంచైనా మొదలుపెట్టొచ్చు. ముందు ఎస్‌ని తీసి చివర పెట్టింది. మిగిలిన ఆరింటిలో "ట్రెయిన్" కనబడింది. ఎస్ కలిపితే "ట్రెయిన్స్". కానీ 'ఈ' అక్షరం మిగిలిపోయింది. దాన్ని ముందు పెట్టి చూసింది, మధ్యలో దూర్చి చూసింది, కుదరలేదు. పెన్సిలు నోట్లో పెట్టుకుని కాసేపు ఆగింది. తర్వాత ట్రెయిన్‌ని తనే విడగొట్టేసి, ఆర్‌నీ ఈనీ మొదటికి తెచ్చింది. ఇంగ్లీషులో ఆ రెండక్షరాలతో మొదలయ్యే మాటలు బోలెడు కదా. మిగిలినవి టీ, ఏ, ఐ, ఎన్. "రిటెయిన్... రిటెయిన్స్!" అని కుర్చీలోంచి లేచింది. అక్కడితో ఆగలేదు. ఈసారి ఈ, ఆర్ రెండూ చివరికి పంపి, మిగిలిన ఐదింటిలో "స్టెయిన్" చూసింది. "స్టెయినర్" అని రాస్తుండగా రౌండు అయిపోయిందన్నారు.

గెలిచిన కాగితం కూడా చూశాను. అందులో "స్టియరిన్" ఉంది, కొవ్వొత్తుల తయారీలో వాడే కొవ్వు పదార్థం. "రెట్సినా" ఉంది, పైన్ చెట్టు బంక వాసన వేసే గ్రీకు వైన్. అవేమిటో వేదిక మీద ఎవరూ అడగలేదు. ఆ పిల్లల్ని నేను తప్పుపట్టడం లేదు. వాళ్లకి ఆడే అవకాశమే ఇవ్వలేదు మనం.

అక్షరాల బిళ్లలతో బోర్డు మీద మాటలు పేర్చే ఆట స్క్రాబుల్ ఎలా పుట్టిందో ఒకసారి గుర్తుచేసుకుందాం. 1930లలో ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఆయన న్యూస్‌పేపర్లు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో చేత్తో లెక్కపెట్టాడు. ఆ లెక్కల మీదే ఆటలోని 100 బిళ్లల్లో 'ఈ' (E) అనే అక్షరానికి 12 వచ్చాయి, క్యూకీ జడ్‌కీ ఒక్కొక్కటే. ఎస్‌లు మాత్రం 4 మాత్రమే ఉంచాడు. ఎక్కువిస్తే ప్రతి మాట చివరా ఒకటి తగిలించి బహువచనం చేసేస్తారు, ఆట మరీ తేలికైపోతుందని. ఆట కనిపెట్టినవాడే సులువు దారికి అలా అడ్డుకట్ట వేస్తే, మనం దాన్ని బార్లా తెరిచి పెట్టాం.

యాప్‌లు పనికిరావని కాదు. అక్షరాల్ని ఏబీసీడీ వరసలో సర్దుకుని, డిక్షనరీలో అదే సర్దుబాటుకి సరిపోయే మాటలు చూపించడం మంచి సదుపాయమే. క్రాస్‌వర్డ్‌లో రెండో అక్షరం, ఐదో అక్షరం మాత్రమే తెలిసి గంటసేపు ఇరుక్కుపోయినవాళ్లకి, ఆ అక్షరాల్ని బట్టి సరిపోయే మాటలు చూపించే యాప్ ఎంత ఊరటో నాకు తెలుసు. పజిళ్లు తయారుచేసే టీచర్లకీ అలాంటి యాప్‌లు కావాలి. అర్థం తెలియకుండా మాటలు గుర్తుపెట్టుకోవడం తక్కువ పనని కూడా నేననను. న్యూజిలాండ్‌కి చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. కానీ ఆ మాటలన్నీ ఆయన బుర్రలో ఉన్నాయి. బోర్డు ముందు కూర్చున్నప్పుడు ఆయన వెనక ఫోను పట్టుకుని ఎవరూ నిలబడలేదు.

మన ఇళ్ల సంగతి మనకి తెలియనిది కాదు. ఇంగ్లీషు మాటల స్పెల్లింగు చెప్పే పోటీ, స్పెల్లింగ్ బీ సీజన్ వస్తే గోడల నిండా మాటల లిస్టులు. పగలంతా ఉద్యోగం చేసొచ్చిన అమ్మ మాట చదువుతుంటే, నిద్ర కళ్లతో పిల్ల ఒక్కో అక్షరం చెబుతుంది. 1985లో అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీని బాలు నటరాజన్ గెలిచిన దగ్గర్నుంచి, 2019లో ఎనిమిది మంది కలిసి గెలిస్తే అందులో ఏడుగురు భారతీయ సంతతి పిల్లలే అయ్యేదాకా, ఆ కష్టమంతా ఇలాంటి ఇళ్లలో జరిగిందే. ఆ రాత్రులంటే నాకు చాలా గౌరవం. అదే ఇళ్లవాళ్లం మన సంఘం స్టేజి దగ్గరికి వచ్చేసరికి, పిల్ల ఎక్కడ ఓడిపోతుందోనన్న టెన్షన్‌తో చేతిలోంచి పెన్సిలు లాక్కుని ఫోను తీస్తున్నాం. ప్రైజు మీద ఇంత ధ్యాస ఎందుకు? అయిదు నిమిషాలు ఏమీ తోచకుండా కూర్చోవడం కూడా పిల్లలకి అలవాటు కావాలి.

లిస్టు చూపించలేనిది ఇంకోటి ఉంది. వర్డుల్ అనే ఆటలో ఐదక్షరాల మాటని ఆరు ప్రయత్నాల్లో కనుక్కోవాలి. వేసిన ప్రతి మాటలో ఏ అక్షరం ఉందో, ఏది లేదో ఆటే చెబుతుంది. చివరి నాలుగూ ఐ, జీ, హెచ్, టీ అని తేలిందనుకోండి. లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్, ఫైట్, ఎయిట్ ఇన్ని మిగులుతాయి. ఒక్కోటే వేసుకుంటూ పోతే ప్రయత్నాలు అయిపోతాయి. తప్పని తెలిసి కూడా "ఫిల్మ్స్" వేసిన పిల్లవాడికి ఎఫ్, ఎల్, ఎం, ఎస్ నాలుగు అక్షరాల సంగతీ ఒకేసారి తేలిపోతుంది. ఆ ఆలోచన ఒకసారి తనంతట తనకి తట్టాలి. తడితే ఆ పిల్లవాడు ఇంకే లెక్క ముందు కూర్చున్నా అలాగే ఆలోచిస్తాడు.

కాబట్టి కల్చరల్ కమిటీకీ సంఘం బోర్డుకీ నా విన్నపం ఇది. వచ్చేసారి ఈ రౌండు మొదలయ్యే ముందు పెద్దవాళ్లందరం టేబుళ్లకి దూరంగా వెళ్లి కూర్చుందాం. పిల్లలకి తెల్లకాగితం, పెన్సిలు, పూర్తిగా పది నిమిషాలు ఇవ్వండి. ఎవరు ముందు చెయ్యెత్తినా గంట కొట్టేదాకా మిగతావాళ్లని ఆపకండి. రాసిన మాటని ఎలా పట్టుకున్నారో చెప్పిన పిల్లలకి అదనంగా మార్కులు వేయండి. అంతా అయ్యాక అదే యాప్‌ని పెద్ద తెర మీద తెరిచి, మిగిలిపోయిన మాటలు అందరికీ చూపించండి, వాటి అర్థాలు చదవండి. డిక్షనరీ, టైమరు నేను తెస్తాను. కాగితాలు దిద్దడానికి ఇద్దరు వాలంటీర్లు చాలు.