వికారం ఎప్పుడు మొదలైంది, ఎక్కడ తగ్గింది?

జ్వరమైతే థర్మామీటరు చెబుతుంది. రక్తపోటును కొలవడానికి పరికరం ఉంది. కడుపులో తిప్పుతోందని ఒక మనిషి అంటే మాత్రం, ఆ మాట తప్ప వైద్యుడికి మరో ఆధారం దొరకదు. వాంతి అయితే ఎన్నిసార్లు అయిందో లెక్కపెట్టవచ్చు. వాంతి కాని వికారం రోజంతా మనిషిని కుంగదీసినా ఎవరి లెక్కలోకీ రాదు. అజీర్ణమనో, పైత్యమనో, ఆందోళన అనో ఒక పేరు పెట్టి, మాత్ర రాసి పంపేస్తారు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే అలవాటని గట్టిగా నమ్ముతున్నాను.

వికారం కడుపులో తెలుస్తుంది, పుట్టేది మెదడులో. మెదడు కాండం దిగువన ఏరియా పోస్ట్రెమా అనే చిన్న భాగం ఉంది. రక్తంలోని పదార్థాలు మెదడులోకి చొరబడకుండా ఆపే అడ్డుగోడ మిగతా చోట్ల గట్టిగా ఉంటే, ఇక్కడ వదులుగా ఉంటుంది. అందుకే రక్తంలో తిరిగే విషాలను, మందులను, హార్మోన్లను ఈ భాగం నేరుగా పసిగట్టగలదు. ఇంకోవైపు, పేగు లోపలి పొరకు హాని తగిలితే అక్కడి కణాలు సెరటోనిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. ఆ కబురును వేగస్ నాడి మెదడుకు చేరవేస్తుంది. చెవి లోపలి సమతౌల్యం చెడినా, పుర్రెలో ఒత్తిడి పెరిగినా, గుండెపోటు వచ్చినా అనుభవం ఇదే. శరీరంలో ఏదో తేడా జరిగిందని వికారం చెబుతుంది, అదేమిటో చెప్పదు. ఆ సంగతి ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరికి అన్న ప్రశ్నలతోనే బయటపడుతుంది.

కార్బన్ మోనాక్సైడ్ సంగతే చూడండి. రంగు లేదు, వాసన లేదు. గాలి ఆడని గదిలో బొగ్గో, కట్టెలో, గ్యాసో సరిగా మండకపోతే ఈ వాయువు పుడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, తలతిరుగుడు వస్తాయి. చూసేవారికి జ్వరం లేని ఫ్లూలా అనిపిస్తుంది. వేలికి తగిలించే మామూలు ఆక్సిమీటరు ఈ వాయువు పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ ఉన్నదానిగానే పొరబడి, అంకెను బాగానే చూపిస్తుంది. పరికరం తప్పుదారి పట్టించే ఈ చోట రోగి మాటే నిజం చెబుతుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉందా, బయటికి వెళితే తగ్గుతోందా అని అడగడానికి అర నిమిషం చాలు. అడగకుండా వాంతుల మాత్ర ఇస్తే, రోగి అది వేసుకుని మళ్లీ అదే గదిలో పడుకుంటాడు.

పురుగుమందుల విషయంలోనూ అంతే. ఆర్గానోఫాస్ఫేట్ రసాయనాలు చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరతాయి. వికారంతో పాటు చెమటలు, నోట చొంగ, కంటిపాపలు సూదిమొనంతగా కుంచించుకుపోవడం కనిపిస్తే, అది కడుపు జబ్బు కాదు. నాడుల మీద విషం పనిచేస్తోందని అర్థం.

మందులతో వచ్చే వికారాన్ని దుష్ప్రభావాల జాబితాలో ఒక మాటగా వదిలేస్తారు. డిగాక్సిన్ వాడే హృద్రోగికి ఆకలి చచ్చి వికారం మొదలైతే, మోతాదు విషస్థాయికి చేరుతోందన్న తొలి హెచ్చరిక అదే కావచ్చు. ఆ మందుకు మూలమైన డిజిటాలిస్ మొక్క గురించి ఆంగ్ల వైద్యుడు విలియం విదరింగ్ 1785లోనే ఈ లక్షణాన్ని నమోదు చేశాడు. పారాసెటమాల్ అధిక మోతాదులో ఇంకా కఠినమైన మలుపు ఉంది. మొదటి 24 గంటల్లో వికారం, వాంతులు ఉండవచ్చు, తర్వాత తేరుకున్నట్టు అనిపిస్తుంది. కాలేయం దెబ్బతింటున్నది ఆ తేరుకున్న రోజునే. విరుగుడైన ఎసిటైల్‌సిస్టీన్ బాగా పనిచేసేది మాత్ర మింగిన 8 గంటల లోపు. కాబట్టి వికారం తగ్గిందన్న మాటను కూడా అనుమానించి చూడాలి.

వికారాన్ని అణచే మందులకు నేను వ్యతిరేకిని కాను. సిస్‌ప్లాటిన్ వంటి క్యాన్సర్ మందుతో వచ్చే వాంతులు భరించలేక చికిత్సే మానుకున్నవారు ఉన్నారు. అమెరికాలో 1991లో అనుమతి పొందిన ఆన్‌డాన్‌సెట్రాన్ అనే వాంతుల మందు వారికి పెద్ద ఊరట. అయినా అది వాంతులను ఆపినంతగా వికారాన్ని ఆపలేదు. ఆ మందుపై జరిపిన పరీక్షల్లో ప్రధానంగా లెక్కపెట్టింది వాంతులనే కదా!

ఈ చిన్నచూపును ఎక్కువగా భరించింది గర్భిణులు. నెలల తరబడి నీళ్లు కూడా నిలవక చిక్కిపోయిన స్త్రీలకు, అది మనసు సృష్టించిన జబ్బని, బిడ్డ ఇష్టం లేకే అలా జరుగుతోందని చెప్పిన వైద్యులు ఉన్నారు. 2023 చివర్లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన జీడీఎఫ్15 అనే హార్మోనును ప్రధాన కారణంగా చూపింది. గర్భంలోని శిశువు వైపు నుంచి అది తల్లి రక్తంలోకి వస్తుంది. గర్భానికి ముందు ఆ హార్మోను తక్కువగా ఉన్న స్త్రీలకు తాకిడి ఎక్కువ. దాన్ని అందుకునే గ్రాహకాలు ఉన్నది ఏరియా పోస్ట్రెమాలోనూ, దాన్ని ఆనుకున్న భాగంలోనూ.