పాతికేళ్లు నిండడమే పరిష్కారం

ఐరోపా ప్రభుత్వాలు యువత నిరుద్యోగాన్ని పట్టించుకోవడం లేదని నిందించేవారు అక్కడి లెక్కల పద్ధతిని శ్రద్ధగా చూసి ఉండరు. ఆ లెక్కల్లో యువత అంటే 15 నుంచి 24 ఏళ్లవారు. 2013లో, పని చేస్తున్నవారిని, పని వెతుకుతున్నవారిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, గ్రీస్ యువతలో 58 శాతానికి, స్పెయిన్ యువతలో 55 శాతానికి పని లేదు. వారిలో ఏ ఒక్కరికీ ఉద్యోగం దొరకలేదనుకున్నా సరే, ఈనాటి యువ నిరుద్యోగుల జాబితాలో వారెవరూ లేరు. పుట్టినరోజును మించిన ఉపాధి పథకం ఇంకేముంటుంది?

ఈ సూత్రాన్ని గ్రీస్ అందరికంటే బాగా ఒంటబట్టించుకుంది. అప్పులిచ్చినవారి షరతుల మేరకు 2012లో నెలకు 751 యూరోల కనీస వేతనాన్ని 586కు కోసి, 25 ఏళ్ల లోపువారికైతే 511కే సరిపెట్టింది. ఒకే కాఫీ కొట్లో ఒకే కౌంటరు వెనుక ఒకే కప్పులు కడిగే ఇద్దరమ్మాయిల్లో చిన్నదానికి 75 యూరోలు తక్కువ; ఇంటి అద్దె అడిగేవాడు మాత్రం వయసు చూసి తగ్గించడు. ఈ ఏర్పాటు 2019 దాకా నడిచింది.

ఫ్రాన్స్‌లో ఇంత సాఫీగా సాగలేదు. 26 ఏళ్లు నిండనివారిని రెండేళ్లపాటు కారణం చెప్పకుండానే తీసేయవచ్చని 2006లో ప్రధాని విల్పాన్ చట్టం తెచ్చారు గానీ, చట్టాన్ని అమలుకు ముందే చదివే దురలవాటు అక్కడి విద్యార్థులకు ఉండడంతో వారు వీధుల్లోకి వచ్చారు, ఆయన వెనక్కి తగ్గారు. స్పెయిన్‌ది సాత్విక మార్గం: యువత దేశం విడిచి వెళ్లడానికి వారి సాహస ప్రవృత్తి కూడా ఒక కారణమని 2012లో అక్కడి వలసల శాఖ ఉన్నతాధికారి ఒకరు సెలవిచ్చారు.

ఇక జర్మనీలో యువ నిరుద్యోగం అప్పట్లో 8 శాతం లోపే. అక్కడ అప్రెంటిస్ వారానికి ఒకటి రెండు రోజులు బడికి, మిగతా రోజులు వర్క్‌షాపుకు వెళ్తాడు, కంపెనీ నుంచి జీతం తీసుకుంటాడు. ఈ విద్య నేర్చుకోవడానికి 2012 డిసెంబరులో ఆరు దేశాలు బెర్లిన్‌లో ఒప్పందం చేసుకున్నాయి. సంతకాలకు లోటు రాలేదు. అప్రెంటిస్‌ను జీతమిచ్చి ఏళ్ల తరబడి తీర్చిదిద్దే కంపెనీలే ఆ కాగితాలతోపాటు విమానమెక్కలేదు.

2013 ఏప్రిల్‌లో ఐరోపా సమాఖ్య స్వయంగా రంగంలోకి దిగి, చదువు ముగిసిన లేదా పని పోయిన నాలుగు నెలల్లోగా 25 ఏళ్ల లోపువారికి ఉద్యోగమో శిక్షణో చూపాలని 'యువ హామీ' ప్రకటించింది. యూరో దేశాలకే ఏటా 2,100 కోట్ల యూరోలు కావాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా వేస్తే, యువ ఉపాధి కోసం మొదట ఏడేళ్లకు కలిపి 600 కోట్లు తీసిపెట్టారు. ఆ పొదుపరితనం ఎలా ఉన్నా, 2020లో హామీ వయసును 30కి పెంచడం మాత్రం అసలైన దూరదృష్టి. 2013లో 22 ఏళ్ల వయసులో పని లేక, 25 నిండి జాబితాలోంచి జారిపోయినవాడు 29 ఏళ్లకు మళ్లీ హామీకి అర్హుడయ్యాడు. అప్పుడిక అతనికి నాలుగు నెలల్లోగా ఏదో ఒకటి చూపాల్సి వచ్చింది. ఉద్యోగమే కానక్కర్లేదు, ఇంకో శిక్షణ అయినా సరిపోతుంది.