మీ ఇంట్లో కరెంటు పోలేదు, గమనించగలరు

విద్యుత్ సరఫరా విశ్వసనీయత మీద జనంలో అపోహలు బాగా పెరిగిపోతున్నాయి. ఫ్యాను ఆగింది కాబట్టి కరెంటు పోయిందని అనుకోవడం వాటిలో మొదటిది, అన్నిటికంటే ప్రమాదకరమైనది కూడా. కరెంటు పోయిందో లేదో తేల్చాల్సింది ఫ్యాను కాదు. దానికి ఒక చట్టం ఉంది, ఒక నియంత్రణ మండలి ఉంది, ఆ మండలి రాసిన ఒక రెగ్యులేషన్ ఉంది, రెగ్యులేషన్ చివర ఒక షెడ్యూలు, అందులో ఒక ఫార్ములా ఉన్నాయి. ఇన్నీ దాటి వచ్చాక కూడా చీకటిగానే ఉంటే అప్పుడు దాన్ని అంతరాయం అంటారు. అంతవరకూ అది మీ వ్యక్తిగత అభిప్రాయం. భావ ప్రకటనా స్వేచ్ఛ కింద దాన్ని వాట్సాప్ గ్రూపులో చెప్పుకోవచ్చు.

ఈ ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ నియంత్రణ మండలి, అంటే ఈఆర్‌సీ అనే కమిషన్, 1999లోనే ఏర్పడింది. 2003లో కేంద్రం విద్యుత్ చట్టం తెచ్చింది. డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, ఏ ప్రమాణాలతో పనిచేయాలో మండలి నిర్ణయించాలనీ, అవి తప్పితే వినియోగదారుడికి పరిహారం ఇప్పించాలనీ అందులోని 57వ సెక్షన్ చెప్పింది. దాని ప్రకారం 2004లో మన దగ్గర 7వ నంబరు రెగ్యులేషన్ వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ తన రెగ్యులేషన్ తాను రాసుకుంది కానీ వంశలక్షణాలు ఎక్కడికీ పోలేదు. అంటే 2012లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఇచ్చి, ఊళ్ళకు ఊళ్ళు విసనకర్రలు పట్టుకున్న రోజుల్లో కూడా మనకు విశ్వసనీయత ప్రమాణాలు అమల్లోనే ఉన్నాయి. ఆ సంగతి అప్పుడు తెలిసి ఉంటే అంత ఉక్కపోసేది కాదేమో.

ముందు ఫ్యూజు సంగతి చూద్దాం. ఫ్యూజు పోతే పట్టణాల్లో 4 గంటల్లో, పల్లెల్లో 12 గంటల్లో వేయాలని 2004 రెగ్యులేషన్ అంటుంది. బాగానే ఉంది కదా అని సంబరపడకండి. అవి మీ గోడ గడియారంలో ఉండే గంటలు కావు, పని గంటలు. శనివారం రాత్రి తొమ్మిదింటికి మీ ఫ్యూజు ఎగిరిందనుకోండి. రాత్రి పని గంట కాదని మీరే ఒప్పుకుంటారు. ఆదివారం సంగతి వేరే చెప్పాలా. కాబట్టి సోమవారం ఉదయం దాకా మీ ఫ్యూజు పోయినా, లెక్కలో ఇంకా పోవడం మొదలుపెట్టలేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పట్టణంలో 24 గంటలు, పల్లెలో 48. పల్లె మనిషికి పట్నం మనిషి కంటే చీకటి రెండింతలు, మూడింతలు ఎక్కువ పడుతుందన్నది మన నియంత్రణ శాస్త్రం కనుక్కున్న సత్యం. ఏ వైద్య కళాశాలా ఇంతవరకూ దీన్ని ఖండించలేదు.

డిస్కంకి మినహాయింపులు కూడా ఉన్నాయి. యుద్ధం, సైనిక తిరుగుబాటు, అల్లర్లు, వరద, తుపాను, పిడుగు, భూకంపం, సమ్మె, లాకౌట్, అగ్నిప్రమాదం. వీటిలో ఏది జరిగినా ప్రమాణాలు వర్తించవు. హుద్‌హుద్ లాంటి తుపాను విశాఖను కొట్టినప్పుడు ఎవరూ నాలుగు గంటల లెక్క అడగరు, అడగకూడదు కూడా. నాకు అర్థం కానిదల్లా, సాయంత్రం నాలుగు చినుకులు పడితే మా వీధిలో సైనిక తిరుగుబాటు స్థాయిలో ఫలితాలు ఎలా వస్తున్నాయన్నదే. ఇక ఈ జాబితాలో ఉడతలు లేకపోవడం పెద్ద లోపం. 2021లో తమిళనాడు విద్యుత్ మంత్రి, తీగల మీద ఉడతలు పరిగెత్తడం వల్ల కూడా కరెంటు పోతోందని చెప్పి నవ్వులపాలయ్యారు. ఆయన చెప్పింది నిజమే, ఉడతల వల్ల లైన్లు ట్రిప్ కావడం ప్రపంచమంతటా ఉన్నదే. ఆయన చేసిన పొరపాటల్లా దాన్ని ముందుగా షెడ్యూల్లో చేర్పించుకోకపోవడం.

ఇప్పుడు అసలు ఫార్ములా దగ్గరికి వద్దాం. విశ్వసనీయతను కొలవడానికి మూడు సూచికలున్నాయి. సైఫీ, సైడీ, మైఫీ. కరెంటు ఎన్నిసార్లు పోయిందో సైఫీ చెబుతుంది, ఎంతసేపు పోయిందో సైడీ చెబుతుంది. అయిదు నిమిషాలు, అంతకంటే తక్కువ సేపు పోయినవన్నీ మైఫీ ఖాతాలోకి వెళతాయి. కాబట్టి కరెంటు నాలుగున్నర నిమిషాలు పోయి, వచ్చి, మీరు ఊపిరి పీల్చుకునేలోగా మళ్ళీ పోయి, ఇలా రాత్రంతా ఆడుకున్నా పెద్ద సూచికలు రెండూ మచ్చ లేకుండా మెరుస్తూ ఉంటాయి. ఈలోగా ఫ్రిజ్ కంప్రెసర్ కాలిపోతే అది ఫ్రిజ్ విశ్వసనీయతకు సంబంధించిన విషయం. వేరే శాఖ.

ఈ లెక్కంతా తీసేది 11 కేవీ ఫీడరు దగ్గర. ఇది చాలా తెలివైన ఏర్పాటు, కాబట్టి కాస్త నిలబడి చూడాలి. సబ్‌స్టేషన్ నుంచి ఫీడరు బయల్దేరుతుంది, దారిలో ట్రాన్స్‌ఫార్మర్లు తగులుతాయి, వాటి నుంచి ఎల్‌టీ తీగలు, అంటే తక్కువ వోల్టేజీ తీగలు, మన ఇళ్ళకు వస్తాయి. మనలాంటి మామూలు జనానికి తగిలే గొడవల్లో చాలావరకు ఆ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మన ఇంటి మధ్యలోనే ఉంటాయి. తీగ తెగడం, జంపరు ఊడటం, ఒక ఫేజు పోవడం, ఫ్యూజు మాడటం. కొలత మాత్రం అంతకు ముందే ఆగిపోతుంది. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసిన వాళ్ళందరికీ ఈ సంభాషణ కంఠతా వచ్చి ఉంటుంది.

"కరెంటు పోయిందండీ."

"లేదు సార్, ఫీడరు ఛార్జిలోనే ఉంది."

"మా వీధంతా చీకటిగా ఉందండీ."

"లోడు కూడా తీసుకుంటోంది సార్. ఆంపియర్లు కనిపిస్తున్నాయి నాకు."

"మరి మా ఇంట్లో?"

"అది ఎల్‌టీ సార్. లైన్‌మన్‌కి చేయండి."

ఆ ఆపరేటరు అబద్ధం చెప్పడం లేదు. అతని ముందున్న మీటరు ప్రకారం మీరు దివ్యమైన వెలుగులో ఉన్నారు. మీరు చీకట్లో కూర్చుని దాన్ని కాదనడం ఒక రకంగా అనాగరికం.

ఫార్ములాలో ఇంకో అందం ఉంది. ఎంతమందికి కరెంటు పోయిందన్నది కాదు, ఎంత కనెక్టెడ్ లోడుకు, అంటే ఎన్ని కిలోవాట్ల కనెక్షన్లకు, పోయిందన్నది అక్కడ లెక్క. రెండు లైట్లు, ఒక ఫ్యాను, ఒక టీవీ ఉన్న ఇల్లు పదింటిని కలిపినా ఒక షాపింగ్ మాల్ ముందు దూది పింజంత బరువు తూగదు. ప్రజాస్వామ్యంలో మనిషికొక ఓటు అన్నారు గానీ కిలోవాటుకొక ఓటు అనలేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. అలాంటివాళ్ళు ముందు ఏసీ కొనుక్కుని తమ పౌరసత్వాన్ని పటిష్ఠం చేసుకోవాలి.

రైతు సంగతి ఇంకా సులువు. ఎక్కువగా వ్యవసాయ లోడు ఉండే ఫీడర్లను లెక్కలోకి తీసుకోనవసరం లేదు. అంతే. ఒక్క బ్రాకెట్‌లో తేల్చేశారు. 2020 డిసెంబరు 31న కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు ప్రకటించి, దేశంలో అందరికీ 24 గంటలూ కరెంటు ఇవ్వాలంది. ఆ వెంటనే, వ్యవసాయం లాంటి కొన్ని వర్గాలకు తక్కువ గంటలు నిర్ణయించే వీలు కమిషన్లకు వదిలేసింది. కొత్త సంవత్సరం ముందు రోజు రాత్రి తీర్మానాలు ఎలా ఉంటాయో మనకు తెలియనిది కాదు. ఉచిత కరెంటు తీసుకునేవాడు ఫిర్యాదు చేయడమేమిటని నగరంలో కొందరు మేధావులు అడుగుతుంటారు. నిజమే, రైతు ఫిర్యాదు చేయడు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే నలుగురూ చందాలేసుకుని, దాన్ని దించి, సొంత ట్రాక్టర్లో ఎక్కించుకుని మరమ్మతుల షెడ్డుకు తీసుకెళతారు. అది డిస్కం చేయాల్సిన పని అని కాగితం మీద ఉంది. ఆ కాగితం ట్రాక్టరు నడపలేదు కదా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాన పడుతుండగా స్తంభం ఎక్కే మనిషి మీద నాకు ఏ వ్యంగ్యమూ లేదు. ఎల్‌సీ, అంటే లైన్లో సరఫరా ఆపామన్న హామీ, తీసుకున్నా అవతలి వైపు నుంచి ఏ జనరేటరో, ఇన్వర్టరో రివర్సులో కరెంటు పంపితే ప్రాణం పోతుందని తెలిసి కూడా ఎక్కుతాడు. చాలాసార్లు అతను కాంట్రాక్టు కార్మికుడు. ఒక్కొక్కరికీ చూసుకోవాల్సిన ఊళ్ళు ఎన్నో ఉంటాయి, చేతికి సరైన గ్లౌజులు ఉండవు. మనం తిట్టేది మాత్రం అతన్నే, ఎందుకంటే మన దగ్గర ఫోన్ నంబరు ఉన్నది అతనిదొక్కటే. రెగ్యులేషన్ రాసినవాళ్ళ నంబరు ఎవరి దగ్గరా లేదు.

పరిహారం కథ చూద్దాం. ప్రమాణం తప్పితే డబ్బు వస్తుంది, నిజమే. ఎక్కువగా పదుల్లో, మహా అయితే వందల్లో. దానికోసం 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి, ఎప్పుడు పోయిందో ఎప్పుడు వచ్చిందో రాసిపెట్టుకోవాలి. డిస్కం ఒప్పుకోకపోతే ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్ళాలి, అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆటో ఖర్చు, జిరాక్సులు, ఒక రోజు కూలీ కలిపి చూసుకుంటే, యాభయ్యో వందో గెలుచుకోవడానికి ఆరేడు వందలు పెట్టుబడి అవుతుంది. ఈ వ్యాపారంలో దిగేవాళ్ళు లేకపోవడాన్ని బట్టి ప్రజలు సరఫరాతో పూర్తి సంతృప్తిగా ఉన్నారని నివేదికల్లో రాసుకోవచ్చు. 2020 నియమాల్లో కొన్ని విషయాలకు పరిహారం ఎవరూ అడగకుండానే దానంతట అదే రావాలని రాశారు. మీ బిల్లులో అలా ఎప్పుడైనా వచ్చి పడిందా? వెతకండి. దొరికితే ఫ్రేము కట్టించండి.

దానంతట అదే జరగడం మన వ్యవస్థకు రాదని మాత్రం అనకండి. ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చులు పెరిగితే ఆ సర్దుబాటు ఛార్జీ, ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుంచి యూనిట్‌కు 40 పైసల దాకా, నెలనెలా దానంతట అదే బిల్లులోకి వచ్చి కూర్చుంటోంది. డిస్కం 1912కి ఫోన్ చేయనవసరం లేదు. ఫిర్యాదు నంబరు అక్కర్లేదు. ఏ వేదిక ముందూ చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని లేదు. విశ్వసనీయత అంటే ఏమిటో చూడాలనుకునేవాళ్ళు ఆ గడిని చూడాలి. ఒక్క నెల కూడా ట్రిప్ కాలేదు.

2022లో కేంద్రం అవే హక్కుల నియమాలను సవరించి మరో అడుగు ముందుకు వేసింది. డీజిల్ జనరేటర్ల అవసరమే రాకుండా నిరంతరాయంగా సరఫరా చేయాలంటూనే, అందుకు పెట్టుబడి కావాలంటే విశ్వసనీయత ఛార్జీ అని విడిగా వసూలు చేసుకోవడానికి కమిషన్ అనుమతించవచ్చంది. ప్రమాణాలు తప్పితే జరిమానా కూడా ఉండాలంది. ఛార్జీ, జరిమానా రెండింటిలో ఏది ముందు అమల్లోకి వస్తుందో పందెం కాసేవాళ్ళు నా దగ్గరికి రావద్దు, నేను అంత అమాయకుణ్ణి కాను. కానీ సూత్రం మాత్రం గొప్పది. ఇన్నాళ్ళూ మనం కట్టిన బిల్లు కరెంటుకి. అది రావడానికి వేరే కట్టాలి.

నిజానికి ఈ రెండు రాష్ట్రాల్లో విశ్వసనీయతను నిలబెట్టింది ఇన్వర్టరు. డిస్కం చేయలేని పనిని జనం సొంత డబ్బుతో, నెలనెలా బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటూ చేస్తున్నారు. ఇన్వర్టరు ఉన్నవాడు ఫోన్ చేయడు, అరవడు, సబ్‌స్టేషన్ ముందు ధర్నాకు రాడు. కోతల మీద కోపం రావాల్సిన ఇల్లు ఒక్కొక్కటే ఇన్వర్టరు కొనుక్కుని ఉద్యమం నుంచి తప్పుకుంది. మిగిలింది కొనలేనివాళ్ళు. వాళ్ళ లోడు ఎంత ఉంటుందో ఫార్ములా ముందే చెప్పేసింది.

అయితే ఇంత జాగ్రత్తగా కట్టుకున్న ఈ విశ్వసనీయతకు ఒక పెద్ద ముప్పు వస్తోంది. స్మార్ట్ మీటర్లు. వాటిని వ్యతిరేకిస్తున్నవాళ్ళు బిల్లు పెరుగుతుందనీ, ప్రీపెయిడ్ చేస్తారనీ భయపడుతున్నారు. నా భయం వేరు. ఆ మీటరు ప్రతి ఇంటి గోడకూ ఉంటుంది. కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో తారీఖు, సమయంతో సహా నమోదు చేస్తుంది. అంటే ఫీడరు దగ్గర ఆగిపోయిన కొలత నేరుగా మన వంటింటి దాకా రాగలదు. వీధి చీకటిగా ఉన్నా వెలుగులో ఉన్నట్టు రాసే సౌకర్యం పోతుంది. పొరపాటున ఎవరైనా కమిషనర్ ఆ లెక్కలు తెప్పించుకుని, 57వ సెక్షన్ పక్కన పెట్టి చదివారంటే ఏమైనా జరగవచ్చు.

కాబట్టి బాధ్యతగల పౌరుడిగా, డిస్కంలు ఏటా నవంబరులో వేసే టారిఫ్ ప్రతిపాదనల మీద మండలి జరిపే బహిరంగ విచారణకు ఒక సూచన పంపుతున్నాను. స్మార్ట్ మీటరు చెప్పే యూనిట్లను నమ్మాలి, అది చెప్పే కోతల్ని సరిచూసుకోవడానికి డిస్కంకి తగినంత గడువివ్వాలి. సరిచూశాక కూడా మిగిలిపోయిన కోతలుంటే వాటిని ఒకే ఏడాది మీద వేయకుండా రాబోయే ఏళ్ళకు పంచాలి. ఇది కొత్త పద్ధతేమీ కాదు, ట్రూ-అప్ అని డబ్బు విషయంలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆంధ్రప్రదేశ్‌లో 2014-19 మధ్య అయిన పంపిణీ ఖర్చుల తేడాను 2022 ఆగస్టు నుంచి మనం కిమ్మనకుండా కట్టాం. ఈ వేసవిలో పోయిన కరెంటును ఇంకో ఎనిమిదేళ్ళ తర్వాత పోయినట్టు రాసుకుంటే ఎవరికి నష్టం?