తీసే కార్డేదో చెప్పండి, పెట్టేది తర్వాత

శుక్రవారం రాత్రి 11 దాటాక ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా డైనింగ్ టేబుల్ మీద 75 కార్డులూ పరిచాను. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "మళ్ళీ ఓడిపోయారా?" అంది.

"ఓడలేదు. డ్రా."

"ఓడకపోతే మరి మార్చడం దేనికి?" అనేసి వెళ్ళి పడుకుంది.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ రాస్తున్న పోస్టు ఇది. పెద్దదే అవుతుంది. కాస్త కోపంగా కూడా ఉంటుంది. కోపం సగం నా మీద, సగం మన కార్డులాట గ్రూపు మీద.

నేను ఆడేది మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డులాట. పయనీర్ ఫార్మాట్ (ఏ కార్డులు వాడొచ్చో చెప్పే పద్ధతుల్లో ఒకటి), నీలం-తెలుపు కంట్రోల్ డెక్. డాలస్ పక్కన మా ఊళ్ళో ఒక షాపులో శుక్రవారాలు ఆడతాం, ఓ డజను మందిమి. ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: 60 కార్డుల కట్ట, పక్కన 15 కార్డుల సైడ్‌బోర్డు, అంటే గేముకీ గేముకీ మధ్య కట్టలోవాటితో మార్చుకునేవి. మ్యాచ్‌కి మూడు గేములు, ముందు రెండు గెలిచినవాడిది మ్యాచ్. కొందరు మొదటి టర్న్ నుంచే మీద పడి కొడతారు. కొందరు ఏదో కాంబో కూర్చి ఒక్కసారిగా పేలుస్తారు. కంట్రోల్ వాడు ఆ రెండూ చెయ్యడు. ఎదుటివాడు చేసే ప్రతి పనికీ అడ్డం పడతాడు. వాడి దగ్గర సరుకైపోయాక నింపాదిగా గెలుస్తాడు. 1990ల మధ్యలో బ్రయన్ వైస్‌మన్ ఆడిన డెక్ దీనికి మూలపురుషుడు. దానికి జనం పెట్టిన పేరే 'ద డెక్'. అందులో ఆట ముగించే పని ముఖ్యంగా రెండు సెరా ఏంజెల్స్‌ది. మిగతాదంతా దాదాపుగా ఓడిపోకుండా ఉండటానికే.

ఇక శుక్రవారం సంగతి. మూడో రౌండు, ఎదురుగా మోనో రెడ్, అంటే అన్నీ ఎర్ర కార్డులతో మీద పడి కొట్టే డెక్. చెరొక గేమూ గెలిచాం. మూడో గేములో 50 నిమిషాల గంట మోగింది, అదనపు ఐదు టర్న్‌లు మొదలయ్యాయి. ఐదోది నాది. నాకు 3 లైఫ్, అతనికి 4. అతని వైపు టేబుల్ ఖాళీ, చేతిలో ఒకే ఒక్క కార్డు. నా దగ్గర తొమ్మిది ల్యాండ్‌లు. ల్యాండ్ అంటే మానా ఇచ్చే కార్డు, మానా అంటే మిగతా కార్డులు ఆడటానికి కట్టే ఖర్చు. అందులో ఒకటి హాల్ ఆఫ్ స్టార్మ్ జయంట్స్, ఆరు మానా కడితే ఆ టర్న్‌కి 7/7 (దెబ్బ ఏడు, తట్టుకునే బలం ఏడు) రాక్షసుడై లేస్తుంది. కొడితే గెలుపే. కానీ దాన్ని లేపాక నాకు మిగిలేది రెండు మానా. నా చేతిలో ఉన్నది అబ్సార్బ్ అనే కౌంటర్ స్పెల్ (ఎదుటివాడు ఆడే కార్డుని ఆపేది), దానికి మూడు కావాలి. అతని చేతిలో ఆ ఒక్కటీ లైట్నింగ్ స్ట్రైక్ అయితే, నేను దాడికి దిగిన క్షణమే మూడు డ్యామేజీ, నా పని అవుట్.

కొట్టలేదు. డ్రాకి సరే అన్నాను. అతను నవ్వుతూ చేతిలో కార్డు తిప్పి చూపించాడు. మౌంటెన్. ఉత్త ల్యాండ్.

కారులో వస్తున్నంతసేపూ నా బుర్రలో తిరిగింది ఒకటే: 'డోవిన్స్ వీటో చేతిలో ఉండుంటే!' వీటోకి రెండే మానా. సరిగ్గా నాకు మిగిలిన రెండు. అది స్ట్రైక్‌ని ఆపేసేది, నేను ధైర్యంగా కొట్టేవాణ్ణి. కానీ రెడ్ మీద వీటోని నేనే బయటికి తీసేశా. కాబట్టి ఇంటికెళ్ళగానే ప్లాన్ మార్చేయాలి, ఎవడి మీదైనా వీటోలు లోపలే ఉంచాలి! 75 కార్డులూ టేబుల్ మీదికొచ్చింది ఇందుకే.

ఈ రోగం నా ఒక్కడిదే అయితే పోస్టు రాసేవాణ్ణి కాదు. మన గ్రూపులో వారానికొకసారి ఎవరో ఒకరు లిస్టు పెట్టి, "అన్నా, 0-3 పోయింది, ఏం మార్చాలి?" అంటారు. అరగంటలో సలహాలు వరదలా వచ్చి పడతాయి. రెస్ట్ ఇన్ పీస్ పెట్టు. ఇంకో పోర్టబుల్ హోల్ పెట్టు. మూడో టెఫేరి పెట్టు. అన్నీ 'పెట్టు'లే. ఒక్కడంటే ఒక్కడు ఏది తియ్యాలో చెప్పడు. పెట్టడానికి అది అటక కాదు కదా, 60 కార్డుల కట్ట!

పోనీ ఎవరైనా ధైర్యం చేసి తీసేదేమిటా అంటే, ల్యాండ్. "26 ఎక్కువ బ్రో, 24 చాలు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ల్యాండ్ అంటే విస్తట్లో అన్నం. కూరలు ఎన్ని వడ్డించినా అన్నం లేకుండా దేంతో కలుపుకుంటాం? లెక్క చూడండి. మనమే ముందు ఆడితే, నాలుగో టర్న్‌కి చూసేది పది కార్డులు. ఆ పదిలో కనీసం నాలుగు ల్యాండ్‌లు ఉండే అవకాశం 26 ల్యాండ్‌లతో దాదాపు 72 శాతం, 24తో 63 శాతం. టేబుల్ మీది జీవులన్నిటినీ చంపేసే మన సుప్రీమ్ వెర్డిక్ట్ నాలుగు మానా. మెమరీ డెల్యూజ్ నాలుగు. వాండరింగ్ ఎంపరర్ నాలుగు. నాలుగో ల్యాండ్ పడకపోతే ఈ డెక్ డెక్కే కాదు. ఆ తొమ్మిది శాతం తీసుకెళ్ళి ఇంకో రెండు కౌంటర్ స్పెల్‌లకి ధారపోస్తారా?

ల్యాండ్‌లు ఎక్కువై చచ్చామంటారు కొందరు. అవుతాయి, కాదనను. అందుకే కదా పనికొచ్చే ల్యాండ్‌లు ఉన్నవి. హాల్ రాక్షసుడవుతుంది. క్యాజిల్ ఆర్డెన్‌వేల్ మనుషుల్ని పుట్టిస్తుంది. కాకపోతే అక్కడ కూడా ఆశ ఎక్కువైతే దెబ్బే. ఒకప్పుడు నేను ముచ్చటపడి రెండు మ్యుటవాల్ట్‌లు పెట్టాను. ఒక గేములో చేతిలో వెర్డిక్ట్, టేబుల్ మీద నాలుగు ల్యాండ్‌లు, ఎదుట మూడు జీవులు. వెర్డిక్ట్‌కి రెండు తెలుపు, ఒక నీలం కావాలి. నాలుగు ల్యాండ్‌లలో రెండు మ్యుటవాల్ట్‌లు, వాటికి రంగే లేదు. నాలుగు మానా ఉండి కూడా నాలుగు మానా కార్డు ఆడలేక చచ్చాను. ఆ రాత్రే రెండూ తీసేశా. అది మాత్రం కోపంలో చేసినా సరైన పనే.

అన్నట్టు, కార్డులు విడివిడిగా మంచివైతే చాలదు. టెంపరరీ లాక్‌డౌన్ మీద అందరికీ మోజు. మూడు మానాకి, ల్యాండ్‌లు తప్ప విలువ (అంటే ఆడటానికి పట్టే మానా) రెండూ అంతకన్నా తక్కువా ఉన్నవన్నీ టేబుల్ మీంచి ఊడ్చేస్తుంది, మనవి కూడా. ఒక తమ్ముడి లిస్టులో లాక్‌డౌన్‌లు మూడు, పోర్టబుల్ హోల్‌లు నాలుగు. హోల్ ఎదుటివాడి చిన్న కార్డొకదాన్ని దాచేస్తుంది, దాని విలువ ఒకటి. లాక్‌డౌన్ వేయగానే మన హోల్ కూడా ఎగిరిపోతుంది, అందులో దాచిన జీవి నేరుగా ఎదుటివాడి వైపు దిగుతుంది. పైగా లాక్‌డౌన్ ఊడ్చాక దిగుతుంది కాబట్టి దానికి చిక్కదు కూడా. మన చేత్తో మనమే శత్రువుకి సైనికుణ్ణి తిరిగిచ్చినట్టు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు తమ్ముడూ అన్నాను. "కానీ రెండూ మంచి కార్డులే కదన్నా" అన్నాడు. ఏం చెప్పను!

యోరియన్ అనే పక్షి కార్డు కోసం కట్టని 80 కార్డులకి పెంచే పంథా మీద నాకు పెద్దగా ఓపిక లేదు. అది ఏది తియ్యాలో తేల్చుకోలేనివాళ్ళు కనిపెట్టిన మార్గమని నా అనుమానం. నాలుగు కాపీల కార్డు మొదటి ఏడింటిలో కనిపించే అవకాశం 60లో 40 శాతం, 80లో 31. మనకి మొదటి మూడు టర్న్‌లలో రిమూవల్ (ఎదుటివాడి జీవుల్ని తీసేసే కార్డులు) కావాలి, పక్షి గొప్పతనం తర్వాత మాట్లాడుకోవచ్చు.

అసలు పెద్ద గొడవ మాత్రం లిస్టులు కాపీ కొట్టడం. ఆన్‌లైన్ టోర్నమెంటులో ఎవరో గెలిచిన 75 కార్డుల్ని దించేసి శుక్రవారం షాపుకి పట్టుకెళ్తారు. రెడ్ డెక్ వాడు అలా చేస్తే నష్టం తక్కువ, వాడి పని కొట్టడమే, ఎదుట ఎవరున్నా కొడతాడు. కంట్రోల్ అలా కాదు. ఈ ఆటలో పాత మాట ఒకటుంది: ప్రశ్నల్లో తప్పు ప్రశ్నంటూ ఉండదు, జవాబుల్లోనే తప్పు జవాబులుంటాయి. అక్కడ గెలిచినవాడు అక్కడి ప్రశ్నలకి జవాబులు రాసుకెళ్ళాడు. లోటస్ ఫీల్డ్ కాంబో ఎక్కువగా ఉంటుందని మెయిన్‌లోనే, అంటే 60 కార్డుల కట్టలోనే, మూడు వీటోలు పెట్టాడు. మా షాపులో లోటస్ ఫీల్డ్ ఆడేది ఒక్కడు, అతను కూడా నెలకోసారి వస్తాడు. రెడ్ ఆడేవాళ్ళు నలుగురైదుగురు. వీటో జీవుల్ని ఆపలేదు. మొదటి టర్న్‌లో స్విఫ్ట్‌స్పియర్ అనే జీవి దిగాక చేతిలో మూడు వీటోలు పట్టుకుని కూర్చుంటే పక్కింటి పరీక్షకి చదివి మన పరీక్షకి వచ్చినట్టు ఉంటుంది.

మా నాన్న రమ్మీ ఆడేటప్పుడు మొదటి రెండు చేతుల్లోనే రాజులూ రాణులూ విసిరేసేవారు. నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు, అంత అందమైన ముక్కలు ఎందుకు పారేస్తున్నారని. "అవతలివాడు షో చెప్పినప్పుడు ఇవి చేతిలో ఉంటే పదేసి పాయింట్లు నెత్తిన పడతాయిరా" అనేవారు. కార్డు ఎంత గొప్పదన్నది ఆయనకి లెక్కలేదు, ఆట ముగిసేసరికి చేతిలో మిగిలిందా లేదా అన్నదే లెక్క.

ఆ లెక్కే నేను కొన్ని నెలలుగా ఒక రూళ్ళ పుస్తకంలో రాస్తున్నా. పెద్ద శాస్త్రమేం కాదు. ఓడిన ప్రతి గేము తర్వాతా, చేతిలో వాడకుండా మిగిలిపోయిన కార్డుల పేర్లు. గెలిచిన గేములు రాయను, గెలిచినప్పుడు చెత్త కార్డు కూడా ముద్దుగానే కనిపిస్తుంది. సైడ్‌బోర్డుకి ఇంకో పేజీ: ఒక్కో డెక్ ఎదురైతే ఏది తీస్తాను, ఏది పెడతాను. ముందు తీసేవే రాస్తాను. రెడ్ మీద ఎనిమిది తియ్యాలనిపించి, పెట్టడానికి ఐదే ఉంటే, సైడ్‌బోర్డులో ఏదో మూడు నిద్రపోతున్నాయని అర్థం. మిస్టికల్ డిస్ప్యూట్ నాలుగు నుంచి రెండుకి తగ్గింది ఇలాగే. నీలం డెక్‌ల మీద అంత మంచి కార్డు ఇంకోటి లేదు, కానీ మా షాపులో నీలం ఆడేది నాతో కలిపి ముగ్గురం.

శుక్రవారం రాత్రి ఆ పుస్తకం తీశాను. వీటో లోపల పెట్టాలని చెయ్యి లాగుతోంది కదా, చూద్దామని. మిగిలిపోయిన కార్డుల పేజీల్లో, అన్నిటికంటే ఎక్కువసార్లు నా చేత్తో నేనే రాసిన పేరు డోవిన్స్ వీటో. అందులోనూ ఎక్కువ రెడ్ మీదే. నేను వాటిని తీసేయడం మొదలుపెట్టింది కూడా ఆ పేజీల వల్లే. ఒక్క గేములో, ఒక్క టర్న్‌లో, రెండు మానా మిగిలిన ఆ ఒక్క క్షణంలో అది నాకు కావలసొచ్చింది. అంతే.

ఆ పేజీలోనే కింద ఇంకో వాక్యం ఉంది, షాపులో గేముకీ గేముకీ మధ్య గబగబా గీకింది: 'మొదటి గేము 30 నిమిషాలు దాటింది.' మొత్తం రౌండే 50 నిమిషాలు. ఆ గేములో నేను ఏడో టర్న్‌కే గెలిచే స్థితిలో ఉన్నాను. టెఫేరి టేబుల్ మీద, చేతిలో నాలుగు కార్డులు, అతని దగ్గర ఏమీ లేదు. అయినా నేనేం చేశానంటే, టెఫేరితో టెఫేరినే కట్టలో పైనుంచి మూడో స్థానంలోకి పంపించుకుంటూ ఆడాను. అలా చేస్తే మన కట్ట ఎప్పటికీ ఖాళీ అవ్వదు, ఎదుటివాడి కట్ట అయిపోయి వాడే ఓడతాడు. అందమైన పద్ధతే. కానీ హాల్‌తో మూడు దెబ్బల్లో అయిపోయే పనికి పదిహేను నిమిషాలు తగలేశాను. ఎందుకూ అంటే అలా గెలిస్తే గొప్పగా ఉంటుంది కాబట్టి. కంట్రోల్ ఆడేవాళ్ళకి ఈ పొగరు పుట్టుకతో వస్తుంది, మేమేదో చదరంగం ఆడుతున్నామనీ మిగతావాళ్ళు గోళీలాడుతున్నారనీ. ఆ పదిహేను నిమిషాలు మూడో గేములో ఉండుంటే, డ్రాయా గెలుపా అన్న ప్రశ్నే వచ్చేది కాదు.

కాబట్టి మా ఆవిడకి జవాబు: కార్డులేవీ మార్చలేదు. స్లీవ్‌లలోంచి తీసినవన్నీ తిరిగి అలాగే పెట్టేశా, ల్యాండ్‌లు 26, మెయిన్‌లో వీటో ఒకటి, సైడ్‌లో రెండు. మార్చిందల్లా ఒకటే. వంటింట్లో ఇడ్లీల టైమరు తెచ్చి పక్కన పెట్టుకుని ఒంటరిగా చేతులు పంచుకుని ఆడుతున్నా. ఒక్కో టర్న్‌కి నిమిషం దాటితే గంట కొడుతుంది. పిల్లలకి తమాషాగా ఉంది.

పోస్టు చెయ్యబోతుంటే గ్రూపులో ఆ లాక్‌డౌన్ తమ్ముడి మెసేజ్ వచ్చింది: "అన్నా, నీ డెక్‌లో షార్క్ టైఫూన్ రెండు పెట్టి చూడు, అదిరిపోతుంది."

"సరే తమ్ముడూ, ఏ రెండు తియ్యమంటావు?" అని అడిగాను.

నీలం టిక్కులు పడి నలభై నిమిషాలైంది.