'యాజ్ ఈజ్ వేర్ ఈజ్' గారికి, యార్డు నుంచి

అయ్యా, యాజ్ ఈజ్ వేర్ ఈజ్ నిబంధన గారూ,

నమస్కారం. వేలం నోటీసులో ఏ బండి కింద చూసినా తమరి పేరే. 'ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటే' అని మా సూపర్‌వైజరు అర్థం చెప్పాడు. ఎంత చల్లటి మాటండీ! లోను ఇచ్చినవాళ్లకు పూచీ లేదు, వేలం నడిపేవాళ్లకూ లేదు. మరి తిట్లు ఎవరో ఒకరు తినాలి కదా, అందుకని మేడ్చల్ దగ్గరి ఈ యార్డులో నన్ను పెట్టారు.

కిస్తీలు కట్టలేదని సీజ్ చేసిన బండ్లు ఎక్కువగా రాత్రిపూటే దిగుతాయి. టార్చి వేసుకుని లిస్టు రాయాలి: స్టెప్నీ, జాకీ, స్టీరియో, గీతలు, సొట్టలు. స్టీరియో ఉండాల్సిన చోట నాలుగు వైర్లు వేలాడుతుంటే 'లేదు' అని రాస్తాను. ఎక్కడ పోయిందని అడగను. తమరి దయవల్ల ఎవరూ అడగరు.

ఆ తర్వాత బండి నెలల తరబడి ఎండలో నిలబడుతుంది. పాపం, తమరి మాట బ్యాటరీకి వినపడదు. ఫుల్ ఛార్జిలో 12.6 వోల్టులు చూపించేది కాస్తా 12 కిందికి జారిపోతుంది. టైర్లు గాలి దిగి చతికిలబడతాయి. బానెట్ కింద ఎలుకలు కాపురం పెట్టి, వైర్లు కొరుక్కుతింటాయి. ఉన్నది ఉన్నట్టు ఉండటం ఈ యార్డులో నా జీతం ఒక్కదానికే చేతనైంది.

బండ్లు చూపించే రోజున బూస్టర్ బ్యాటరీని తోసుకుంటూ వరసలన్నీ తిరుగుతాను. ఎర్ర క్లిప్పు ప్లస్‌కి, నల్లది ఇంజిన్ ఇనుముకి. స్టార్ట్ చేసి చూపించొచ్చు, గేటు మాత్రం దాటనివ్వకూడదు. డీలర్లు తెలివైనవాళ్లు, ఆయిల్ గేజీ లాగి, పొగ రంగు చూసి వెళ్తారు. ఫోన్లో ఫొటో చూసి పాట పాడినవాళ్లతోనే తంటా. డబ్బు కట్టేశాక వస్తారు. "తాళం ఒకటే ఉందేంటి?" "బండి మీది లోను ఒప్పందం ముగిసిందని చెప్పే ఫారం 35 ఏది?" "ఆర్సీ నా పేరు మీదికి ఎప్పుడు మారుతుంది?" నాకు తెలిసిన జవాబు తమరి పేరొక్కటే. అది చెప్తే కోపం ఇంకా పెరుగుతుంది.

మొన్న ఒకాయన వచ్చాడు. మూడో వరసలోని తెల్ల కారు ఒకప్పుడు ఆయనదే. డ్యాష్‌బోర్డు మీద వినాయకుడి బొమ్మ ఉంది, అదొక్కటి ఇమ్మన్నాడు. లిస్టు చూశాను. జాకీకి గడి ఉంది, వినాయకుడికి లేదు. తమరి లెక్కన స్వామి కూడా ఉన్నచోటే ఉండి వేలంలో పోవాలి. స్క్రూడ్రైవర్‌తో గీరి తీసి ఇచ్చేశాను. గుండ్రంగా గమ్ము మరక మిగిలింది.

నిన్న ఆ కారు పాడుకున్నాయన వచ్చి, ఆ మరక మీద వేలు పెట్టి "ఇదేంటయ్యా?" అన్నాడు.

"యాజ్ ఈజ్ సార్" అన్నాను.

ఇట్లు,
ఉన్నచోటే ఉన్న
యార్డు అటెండెంటు