తొమ్మిదితో మొదలైతే సేంద్రియమేనా?

"పండు మీది స్టిక్కర్‌పై సంఖ్య 9తో మొదలైతే సేంద్రియం, 8తో అయితే జన్యుమార్పిడి, 4తో అయితే పురుగుమందుల పంట, ముట్టుకోకండి." ఏళ్ల తరబడి వాట్సాప్‌లో చక్కర్లు కొడుతున్న ఈ సందేశాన్ని నమ్మి మా పెద్దమ్మ మొన్న అరడజను కివీలు తిరిగి ఇచ్చేయబోయింది. వాటి మీద 4030 అని ఉందట.

4030 అంటే కివీ పండు అని అర్థం, అంతే. అరటిపండుకు 4011. బిల్లు వేసే మనిషి ఒక రకం ఆపిల్‌కు ఇంకో రకం ధర కొట్టకుండా 1990 నుంచి వాడుతున్న సంఖ్యలివి. పది సార్లు మందు కొట్టిన తోట పండుకూ ఇదే సంఖ్య, చుక్క మందు కొట్టకపోయినా ధ్రువపత్రం లేని రైతు పండుకూ ఇదే. మందుల లెక్క అందులో ఎక్కడిది?

9 సంగతి సగం నిజం. సేంద్రియ అరటికి 94011 వేస్తారు. అయితే ఆ సంఖ్య వేయాలన్న నిర్బంధమూ లేదు, వేసినంత మాత్రాన అది ధ్రువీకరణా కాదు. మన దగ్గర చూడాల్సింది సేంద్రియ ధ్రువీకరణ ముద్ర, 2017 నిబంధనలతో వచ్చినది 'జైవిక్ భారత్'. దాని వెనుక జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం తనిఖీ గానీ, రైతులు బృందంగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు పరిశీలించుకునే పీజీఎస్ గానీ ఉంటుంది. నేరుగా అమ్ముకునే చిన్న రైతుకు మినహాయింపు ఉంది కాబట్టి, సంతలో ముద్ర కోసం వెతక్కండి, ఏం కొట్టారో ఆయన్నే అడగండి. సేంద్రియ సాగులోనూ వేపనూనె, రాగి మందుల వంటివి వాడతారని మరిచిపోవద్దు.

ఇక 8. జన్యుమార్పిడి పంటలకని దాన్ని కేటాయించిన మాట నిజమే గానీ, దుకాణాల్లో ఎవరూ వాడలేదు. మన దేశంలో రైతులు వాణిజ్యపరంగా పండిస్తున్న అనుమతి పొందిన జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. బీటీ వంకాయను 2010లోనే ఆపేశారు. లేని పండుకు భయం!

సేంద్రియానికి ఎక్కువ డబ్బు పెట్టాలనుకుంటే నేనైతే ముందు కొత్తిమీర, కరివేపాకు, పచ్చిమిర్చి, ద్రాక్షలకు పెడతాను. వాటిని ఒలిచేది లేదు, మొత్తంగా నోట్లోకే వెళ్తాయి. అరటి, దానిమ్మ, కివీలకు తొక్కతోపాటు పైనున్న మందూ చాలావరకు పోతుంది. మొక్కలోకి ఇంకే మందులు మాత్రం తొక్క తీసినా కొంత మిగులుతాయి, కాబట్టి ఇదేమీ పక్కా లెక్క కాదు. బడ్జెట్ చాలకపోతే మామూలు కూరగాయలనే ధారగా పారే నీటిలో బాగా కడిగి వండుకోండి. సేంద్రియం దొరకలేదని ఆకుకూర మానేయడం కంటే అదే నయం.

కివీలు ఇంట్లోనే ఉన్నాయి. వాటితో వచ్చిన ఆపిల్ ఒకదానిపై 'టెస్టెడ్ ఓకే' అని మెరిసే స్టిక్కర్ ఉంది. పెద్దమ్మ దాన్ని గోటితో లేపి చూస్తే కింద పావలా కాసంత కుళ్లు.